‘ది జంగిల్’ – కూలివాని చెమట, కొనేవాని కడుపు

ఒక పుస్తకం తాను ఎవరి పక్షాన వ్రాయబడిందో వారికి అక్కరకు రాకుండా, తాను ఉద్దేశించని వారికి మేలుచేయడం సాహిత్య చరిత్రలో అరుదు. అమెరికన్ రచయిత అప్టన్ సింక్లెయిర్ (1878–1968) వ్రాసిన ‘ది జంగిల్’ నవలకు సరిగ్గా అదే జరిగింది. 1906 ఫిబ్రవరిలో అది పుస్తక రూపంలో వెలువడింది. ఆ సంవత్సరమే జూన్ 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మాంస తనిఖీ చట్టంపైన, ఆహార పదార్థాల, మందుల కల్తీని అరికట్టే మరో చట్టంపైన సంతకాలు చేశాడు. నవల అమెరికా శ్రామికులకు అంకితం. చట్టాలు మాత్రం మాంసం తినేవారికోసం వచ్చాయి. ఆ చట్టాల మూలంగా కబేళా కూలీలకు ఒక్క సెంటు పెరగలేదు, ఒక్క గంట పని తగ్గలేదు. తాను ప్రజల గుండెకు గురిపెడితే దెబ్బ వారి కడుపుకు తగిలిందని రచయిత స్వయంగా వాపోయాడు.

ఈ నవలను సోషలిస్టులు తమ దృష్టితోను, ఆహార తనిఖీ చరిత్ర వ్రాసినవారు తమ దృష్టితోను ఇదివరకే పరిశీలించారు. ముస్లిం పాఠకుడు దీనిని చదవవలసిన కారణం వేరే వుంది. నోటిలో పెట్టుకునే ముద్ద ఎక్కడనుండి వచ్చిందో విచారించడం ముస్లిముకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. జిబహ్ చేసినవాడెవడు, ఎవరి పేరు ఉచ్చరించాడు, రక్తం పూర్తిగా పోయిందా లేదా అనే ప్రశ్నలు ఇంట్లో చిన్నపిల్లలు సైతం అడుగుతారు. 1906లో అమెరికన్ గృహిణి అడిగిన ప్రశ్నకు, ఈ ప్రశ్నలకు మూలంలో ఎంతో తేడా వుంది. ఆమెది ఆరోగ్య చింత, ముస్లిముది దైవాజ్ఞాపాలన. అయినా ఇద్దరూ ఒకే గడపవద్ద ఆగిపోయారు. మాంసం గురించి అడిగారు. దాన్ని కోసిన మనిషి గురించి అడగలేదు. ఇది పందుల కార్ఖానా కథ కదా, మనకెందుకని పుస్తకాన్ని పక్కకు నెట్టేవారు కూడా వుండవచ్చు. పంది నిషిద్ధమే. అంతమాత్రాన పందిని కోసే కార్ఖానాలో కూలి ఎగవేయడం హలాల్ అయిపోదు.

కథ పుట్టిన సందర్భం ముందు తెలియాలి. 1904 జూలైలో షికాగో మాంసం కార్ఖానాల కార్మికులు సమ్మెకట్టారు. ఆ సమ్మెకు ఒక విశేషం వుంది. కత్తిపనిలో నైపుణ్యంగల కసాయివారికి కూలి చాలా మెరుగు. వారు సమ్మెచేసింది తమకోసం కాదు, నేల కడిగేవారు, బండ్లు తోసేవారు, దినకూలీలకోసం. నైపుణ్యం లేని కూలీకి గంటకు పద్దెనిమిదిన్నర సెంట్ల కనీస కూలి వుండాలన్నది వారి కోరిక. సెప్టెంబరు నాటికి సమ్మె విఫలమైంది. ఓడిపోయిన ఆ కార్మికుల మధ్యకు సింక్లెయిర్ వెళ్ళాడు. ఏడు వారాలపాటు వారి ఇళ్ళలో, సారాకొట్లలో, కార్ఖానా వాకిళ్ళలో తిరిగాడు. ‘అప్పీల్ టు రీజన్’ అనే సోషలిస్టు వారపత్రిక ఐదువందల డాలర్లు ముందుగా ఇచ్చి, 1905లో నవలను ధారావాహికగా ప్రచురించింది.

నవల ఒక పెళ్ళివిందుతో ఆరంభమవుతుంది. లిథువేనియా పల్లెనుండి వలస వచ్చిన యుర్గిస్ రుడ్కుస్, ఓనా అనే పిల్లను పెళ్ళాడుతున్నాడు. విందు ఖర్చు రెండువందల డాలర్లకు తక్కువ కాదు, మూడువందలు కూడా కావచ్చు. పల్లెలో ఆచారం ప్రకారం తిన్నవారంతా తలా కొంత చదివించి ఆ భారాన్ని మోయాలి. పట్నం వచ్చినవారు తినిపోయారు, చదివించలేదు. పెళ్ళి చేసుకున్న మరునాడు అప్పుతో లేచిన ఆ ఇంటిని చూస్తే, వలీమాకోసం తాహతుకు మించి అప్పుచేసిన ఇళ్ళను ఎరిగిన పాఠకునికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. సింక్లెయిర్ ప్రతిభ అంతా ఇటువంటి చోట్ల వుంది. దోపిడీ గురించి ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక సమాజపు పరస్పర సహకార ధర్మం కూలి బతుకులో ఎలా కరిగిపోతుందో విందుబల్ల మీద చూపించాడు.

తర్వాతి ఘట్టం ఇల్లు కొనడం. ధర పదిహేనువందల డాలర్లు, నెలకు పన్నెండు చొప్పున కట్టాలి అని దళారీ చెబుతాడు. వడ్డీ మాట ఎత్తడు. ఏడు శాతం వడ్డీ వుందని ఆ కుటుంబానికి తెలిసేసరికి సొమ్ము చేతులు మారింది. ఒక్క నెల వాయిదా తప్పితే ఇల్లు పోతుంది. ఆ ఇంట్లో వీరికి ముందు వరుసగా ఎన్ని కుటుంబాలు వచ్చి పోయాయో పొరుగు ముసలమ్మ లెక్కచెబుతుంది. రచయిత ఇక్కడ దళారీ మోసాన్ని తప్పు పట్టాడు గాని వడ్డీని తప్పు పట్టలేదు. ముందే చెప్పి తీసుకుంటే అది న్యాయమైపోతుందా అనే ప్రశ్న ఆయనకు తోచలేదు. దివ్య ఖుర్‌ఆన్ చదివినవానికి ఆ ప్రశ్న తోచక మానదు. నవలను ముస్లిం దృష్టితో చదవడం అంటే ఆయత్‌లను తెచ్చి దానికి అతికించడం కాదు. రచయిత చూపించి కూడా చూడకుండా వదిలిన చోట నిలబడి చూడడం.

ఇక కార్ఖానా లోపలి సంగతులు. వేగాన్ని పెంచడానికి యాజమాన్యం కొందరు చురుకైన పనివాళ్ళకు ఎక్కువ కూలి ఇచ్చి ముందు నిలబెడుతుంది; మిగిలినవారు ఎక్కువ కూలి లేకుండానే వారి వేగాన్ని అందుకోవాలి. మరియా అనే యువతి డబ్బాలకు రంగు పూస్తుంది. ఆమె పూసిన డబ్బాలను లెక్కలో తక్కువ చూపుతారు. అడిగితే పని పోతుంది. తెలంగాణలో బీడీలు చుట్టే స్త్రీలకు ఈ లెక్క బాగా తెలుసు. చుట్టి తెచ్చిన బీడీల్లో కొన్నింటిని నాసిరకమని తీసి పక్కన వేస్తారు. వాటికి కూలి వుండదు. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చి ఆ తీసివేతకు హద్దు పెట్టవలసి వచ్చిందంటే ఆ అన్యాయం ఎంత సాధారణమో తెలుస్తుంది. మద్‌యన్ ప్రజలకు హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) చేసిన బోధలో తూకం, కొలతలతోబాటు జనులకు చెందినవాటిని తగ్గించి ఇవ్వవద్దన్న హెచ్చరిక కూడా వుంది. తూకపురాయి అంగట్లోనే వుంటుందని అనుకోవడం పొరపాటు. కూలి లెక్కపుస్తకం కూడా ఒక తక్కెడే.

ఇంతవరకు నవల బలంగా నడుస్తుంది. ఓనాను ఆమె పైఅధికారి బలవంతంగా లొంగదీసుకోవడం, యుర్గిస్ వాణ్ణి కొట్టి జైలుకు పోవడం, వైద్యం అందక ఓనా ప్రసవంలో మరణించడం, చిన్నబిడ్డ వీధిలోని నీటిమడుగులో మునిగిపోవడం – ఈ వరుస చదవలేనంత కఠినంగా వుంటుంది. అయితే కష్టాల మీద కష్టాలు పేర్చుకుంటూ పోవడంలో రచయిత మనిషిని క్రమంగా పశువును చేశాడు. కబేళాలోకి తోలబడే గొడ్డుకు, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ కూలీకి ఆయన గీసిన పోలిక మొదట కదిలిస్తుంది, తర్వాత విసుగు పుట్టిస్తుంది. ఎందుకంటే గొడ్డుకు లేనిది, మనిషికి వున్నది ఒకటుంది. నలుగురు కూడి, ఇది అన్యాయమని చెప్పి, పని ఆపగలగడం.

సింక్లెయిర్ అతిపెద్ద లోపం ఇక్కడే. ఆయనను షికాగోకు రప్పించిందే 1904 సమ్మె. నవలలో ఆ సమ్మెను ఎవరి కళ్ళతో చూపించాడు? సమ్మెను భంగపరచడానికి కూలికి కుదిరిన యుర్గిస్ కళ్ళతో. కత్తిపట్టిన నిపుణుడు దినకూలీకోసం తన జీతం వదులుకున్న ఆ ఘట్టం, అన్నలు తమ్ములకోసం నిలబడ్డ ఆ కొద్ది వారాలు నవలలో దూరాన వినిపించే అలజడిగా మిగిలిపోయాయి. మొదటి అధ్యాయాలలో యుర్గిస్ యూనియన్‌లో చేరడం, సభలలో మాట్లాడడానికి ఇంగ్లీషు నేర్చుకోవడం వుంది. ఎంతో ఆశ కలిగించే ఆ పుటలను రచయితే తర్వాత మరచిపోయాడు. విముక్తి చివరకు వేదిక మీదనుండి వస్తుంది: యుర్గిస్ ఒక సోషలిస్టు ఉపన్యాసం విని మారిపోతాడు. ఆ తర్వాత కథ లేదు, ప్రసంగాలు వున్నాయి, ఓట్ల లెక్కలు వున్నాయి. పాత్రలు శ్రోతలైపోయారు.

మరొక మచ్చ ఇంతకంటే పెద్దది. సమ్మెను విరవడానికి దక్షిణాదినుండి తెచ్చిన నీగ్రో కూలీలను ఆయన వర్ణించిన తీరు చదివితే పీడితుల పక్షాన నిలబడ్డ కలం ఇదేనా అనిపిస్తుంది. లిథువేనియన్ కూలీ సమ్మెను విరిస్తే అది ఆకలి; నల్లవాడు విరిస్తే అది జాతి లక్షణం. యాజమాన్యాలు ఒక జాతిని మరొక జాతిమీదికి ఉసిగొల్పి సమ్మెలను ఓడించిన ఆ కాలంలో, తెల్లవారి యూనియన్లలో చాలాభాగం నల్లవారిని తమలో చేర్చుకోలేదన్నది వాస్తవం. రచయిత ఆ మాట చెప్పలేదు. తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యత లేదన్న ప్రకటనను దైవప్రవక్త (స) నోట విన్న సమాజానికి ఈ లోపాన్ని క్షమించడం కష్టం.

మతం విషయంలో ఆయన పెట్టిన వాత మాత్రం వూరికే తోసివేయదగింది కాదు. చలికాలంలో ఆకలితో వున్న యుర్గిస్ వెచ్చదనంకోసం ఒక ప్రార్థనా సభలో కూర్చుంటాడు. వేదికపై వున్నవాడు పాపం గురించి, రక్షణ గురించి మాట్లాడుతున్నాడు. కడుపు నిండి, నున్నని కోటు తొడుక్కొని, ఆకలిగొన్నవానికి ఆత్మను గురించి చెప్పే ఈ మనిషికి ఆకలి సంగతి ఏం తెలుసునని యుర్గిస్ మండిపడతాడు. అది క్రైస్తవ ప్రచారకుని మీద విసిరిన రాయి. అయితే కార్మికుని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించాలన్న హదీసును మేడే నాడు బోర్డులపై వ్రాయించి, ఆ బోర్డు వ్రాసిన పెయింటరుకు రెండు నెలలు డబ్బు ఇవ్వని వారికి కూడా అది తగులుతుంది.

ఆ హదీసు సంగతి కొంత విచారించాలి. ఇబ్నెమాజాలో వున్న దాని పరంపరను గురించి ముహద్దిసులు మాట్లాడారు. భావం నిర్వివాదం, ఎందుకంటే బుఖారీలో ఇంతకంటే కఠినమైన హదీసె ఖుద్సీ వుంది: ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ముగ్గురికి ప్రతివాదిగా నిలుస్తాడు, ఆయన పేర మాట ఇచ్చి తప్పినవాడు, స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు, కూలికి పెట్టుకొని పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివాడు. స్వేచ్ఛాజీవిని బానిసగా అమ్మడం, కూలి ఎగవేయడం ఒకే వరుసలో వున్నాయి. కాని ఈ రెండు హదీసులనూ ఉదహరించి అంతటితో తృప్తిపడే వ్యాసాలే ఇస్లామీయ అర్థశాస్త్రంపై ఎక్కువగా వచ్చాయి. అవి యజమాని అంతరాత్మను ఉద్దేశిస్తాయి. యజమానికి అంతరాత్మ లేకపోతే కార్మికుడు ఏంచేయాలి, పక్కవాడు ఏంచేయాలి, ఆ సరుకు కొనేవాడు ఏంచేయాలి అన్నప్పుడు వ్యాసం ముగిసిపోతుంది.

కొందరు ఇంకొక అడుగు వేసి, కార్మిక సంఘాలే ధర్మసమ్మతం కావంటారు. వారి ఆధారం తేలికైనది కాదు. ఇమామ్ ఇబ్నె తైమియ్యా తన ‘అల్ హిస్బా’లో, కూలికి ఆస్తులు పంచిపెట్టేవారు అందరూ కలిసి ఒక కూటమిగా ఏర్పడడాన్ని హనఫీ ఇమాములు వారించారని పేర్కొన్నారు, జనానికి వారి అవసరం వుంది కనుక కూటమి కడితే కూలి పెంచి పీడిస్తారని కారణం. ఇంతవరకు చదివి పుస్తకం మూసినవారికి యూనియన్ నిషిద్ధంగా కనిపిస్తుంది. పుస్తకం మూయకుండా చదివితే, అదే చర్చలో, కొనేవారు కుమ్మక్కై అమ్మేవారి సరుకును తక్కువకు కొట్టివేయడాన్ని కూడా ఆయన ఆపవలసిందిగా చెప్పడం కనిపిస్తుంది. కూలి వివాదంలో ఆయన కొలబద్ద ‘ఉజ్రతుల్ మిస్ల్’, అంటే అటువంటి పనికి న్యాయంగా ముట్టవలసిన కూలి. నిషేధానికి కారణం కూడడం కాదు, కూడి పీడించడం. షికాగోలో 1904లో కూటమి కట్టి కూలిని శాసించింది ఎవరు? దేశపు మాంస వ్యాపారాన్ని చేతిలో పెట్టుకున్న నాలుగైదు కంపెనీలు. ముహ్తసిబ్ వుండి వుంటే ముందు ఎవరి కూటమిని విడగొట్టేవాడో చెప్పనక్కరలేదు. ముహ్తసిబ్ లేనిచోట ఆ పనిలో కొంత భాగం యూనియన్‌పై, కొంత కొనుగోలుదారుపై పడుతుంది.

కొనుగోలుదారు ఆ భారం మోయగలడా? సింక్లెయిర్ నవల ఫలితం చూస్తే మోయలేడనిపిస్తుంది. రూజ్‌వెల్ట్ పంపిన విచారణాధికారులు కార్ఖానాల అపరిశుభ్రతను ధ్రువపరిచారు, గృహిణులు భయపడ్డారు, చట్టం వచ్చింది, తనిఖీ ఖర్చు ఖజానా భరించింది. ప్రభుత్వ ముద్ర పడిన మాంసం విదేశాలలో మరింత సులువుగా అమ్ముడుపోయింది. అందులో పెద్ద కంపెనీలకు నష్టమేమీ లేదు. భయం అంతవరకే పనిచేస్తుంది. తన కడుపుకు భద్రత దొరకగానే కొనేవాడు ఇంటికి వెళ్ళిపోతాడు.

అయితే ఆ రోజుల్లోనే వేరొక దారి కూడా వుంది. 1899లో ఏర్పడిన నేషనల్ కన్స్యూమర్స్ లీగు, ఫ్లోరెన్స్ కెల్లీ నాయకత్వంలో, బాలకార్మికులను పెట్టుకోకుండా ఫ్యాక్టరీ చట్టాలను పాటించిన దుస్తుల కార్ఖానాలకు తెల్లని చీటీ ఇచ్చేది. ఆ చీటీ వున్న బట్టలే కొనమని స్త్రీలను కోరేది. అక్కడ ప్రశ్న బట్ట నాణ్యత కాదు, కుట్టినవారి స్థితి. దాని లోటు కూడా స్పష్టమే: చీటీ ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది సంపన్న గృహాల స్త్రీలు, కుట్టినవారు కారు.

ఆ లోటు తీరింది 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో. సెప్టెంబరులో ఫిలిప్పీనో కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. కొద్దిరోజులకే సెజార్ చావెజ్ నడిపే మెక్సికన్ కూలీల సంఘం వారితో కలిసింది. జాతులను విడదీసి సమ్మెలను ఓడించే పాత ఎత్తు అక్కడ పారలేదు. తోటల్లో గెలవలేమని తేలాక వారు పట్నాలకు పోయి, దుకాణాలముందు నిలబడి, ద్రాక్ష కొనవద్దని ప్రజలను కోరారు. 1935 నాటి కార్మిక చట్టం వ్యవసాయ కూలీలకు ఏ రక్షణా ఇవ్వకుండా వదిలేసింది. ఆ చట్టం పరిధిలో లేనందువల్లనే 1947లో ఇతర యూనియన్లకు విధించిన ఆంక్షలు కూడా వీరికి వర్తించలేదు, దుకాణాలపై బహిష్కరణ సాధ్యమైంది. అన్యాయం చేసిన చట్టమే ఆయుధాన్ని చేతిలో వదిలింది. 1970 జూలై 29న డెలానో తోటల యజమానులు ఒప్పందాలపై సంతకాలు చేశారు.

ఈ కథలో ముస్లిములు లేరనుకుంటే పొరపాటు. ఆ తోటల్లో యెమన్ నుండి వచ్చిన అరబ్బు కూలీలు వందలాదిగా పనిచేసేవారు. 1973లో యజమానులు పాత ఒప్పందాలను పక్కనపెట్టి మరో సంఘంతో కుమ్మక్కైనప్పుడు సమ్మె తిరిగి రాజుకుంది. ఆగస్టులో నాజీ దైఫుల్లాహ్ అనే 24 ఏండ్ల యెమనీ యువకుడు, సమ్మెలో వున్న యూనియన్ సభ్యుడు, ఒక పోలీసు అధికారి టార్చిలైటుతో తలపై కొట్టిన దెబ్బకు మరణించాడు. మెక్సికన్, ఫిలిప్పీనో కూలీలు వేలాదిగా అతని జనాజా వెంట నడిచారు. కార్మికోద్యమంలో ముస్లిముల పాత్ర ఏమిటని అడిగేవారు ఈ యువకుని పేరు గుర్తుంచుకోవాలి. రెండు సంవత్సరాల తర్వాత, 1975లో, ఆ రాష్ట్రం వ్యవసాయ కార్మికుల యూనియన్ హక్కును చట్టంగా గుర్తించింది.

బహిష్కరణకు ఇంకొక వైపు కూడా వుంది. సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం స్వీకరించాక, యమామానుండి మక్కాకు గోధుమలు పోకుండా ఆపారు. ఖురైషులు ఆకలితో అల్లాడి దైవప్రవక్త (స)కు మొరపెట్టుకున్నారు. శత్రువులైనా సరే, ధాన్యాన్ని వదలమని ఆయన కబురు పంపారు. తనను, తన వంశాన్ని అబూతాలిబ్ లోయలో వెలివేసి ఆకలికి గురిచేసినవారు ఆ ఖురైషులే. కొనుగోలు ఆపడం, సరుకు ఆపడం కత్తివంటిది. అది ఎవరి కంఠానికి తగులుతుందో చూడకుండా ఝళిపించరాదు.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో సావర్ వద్ద రానా ప్లాజా కూలినప్పుడు ఈ విచక్షణ నిజంగానే అవసరమైంది. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవారిని మాత్రం జీతం పోతుందని బెదిరించి లోపలికి పంపారు. 1,134 మంది చనిపోయారు. అత్యధికులు స్త్రీలు, ముస్లిములు. యజమానులూ ముస్లిములే. అంతకు ఐదు నెలల ముందు తాజ్రీన్ కార్ఖానా మంటల్లో వందమందికి పైగా కాలిపోయారు. బంగ్లాదేశ్ బట్టలు కొనవద్దని పాశ్చాత్య దేశాల్లో కొందరు కేకలు వేశారు. అక్కడి యూనియన్లు అది కోరలేదు. పని పోతే ఆ స్త్రీలు మరింత హీనమైన పనికి పోతారని వారికి తెలుసు. కంపెనీలు పారిపోకుండా ఇక్కడే వుండి, భవనాలను బాగుచేయించాలని వారు పట్టుబట్టారు. మే నెలలో కుదిరిన అగ్ని, భవన భద్రతా ఒప్పందం చట్టబద్ధమైనది. యూనియన్లు అందులో సాక్షులు కారు, సంతకం చేసిన పక్షం. కొనుగోలుదారుల ఆగ్రహం కంపెనీలను బల్లవద్దకు తెచ్చింది, బల్లవద్ద కూర్చున్నది కార్మికుల సంఘం. సింక్లెయిర్ గుండెకు గురిపెట్టిన బాణం వంద సంవత్సరాల తర్వాత కొంతవరకైనా చేరిందంటే, ఈ రెండు చేతులూ కలిసినందువల్లనే. అయితే ఆ ఒప్పందం గోడలను బలపరిచింది గాని కూలిని పెంచలేదన్నది కూడా చెప్పాలి.

ఇప్పుడు హలాల్ ముద్ర సంగతి. కార్మికునికి అన్యాయం జరిగిన కార్ఖానా మాంసం హరాం అని ఫత్వా ఇవ్వాలనే ఆవేశం కొందరికి కలగవచ్చు. అది సరికాదు. ఎగవేసిన కూలి యజమాని మెడపై రుణం. సరిగా జిబహ్ చేసిన మాంసం దానివల్ల నిషిద్ధం కాదు. ఈ ప్రశ్నకు తగిన స్థానాన్ని ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’లోని హలాల్, హరాం ప్రకరణం చూపుతుంది. హరామును మానుకోవడం భయభక్తులలో మొదటి మెట్టు మాత్రమేనని, దానిపైన మరి మూడు మెట్లు వున్నాయని ఆయన వివరించారు. దివ్య ఖుర్‌ఆన్ హలాల్‌తోబాటు తయ్యిబ్ అన్న మాటను వాడింది. నేటి ముద్రలు కత్తిని, పాత్రను, పదార్థాల జాబితాను పరీక్షిస్తాయి. జీతాల పుస్తకాన్ని తెరిచి చూసే ముద్ర ఏదైనా వుంటే దానిపై చర్చ జరగాలి. లేకపోతే ఎందుకు లేదో జరగాలి.

2015 డిసెంబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఫోర్ట్ మోర్గన్‌లోని కార్గిల్ మాంసం కార్ఖానాలో ఈ చర్చ వేరొక రూపంలో వచ్చింది. యుర్గిస్ నిలబడ్డ చోట ఈసారి నిలబడ్డది సోమాలీ ముస్లిములు. నమాజు విరామాల వివాదంలో పని మానినందుకు సుమారు 150 మందిని తొలగించారు. 2018లో కంపెనీ, తప్పు ఒప్పుకోకుండానే, 15 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. వారి పక్షాన నిలబడవలసిన యూనియన్ శాఖ కూడా, ముస్లిం సభ్యుల ఫిర్యాదులను పట్టించుకోలేదన్న ఆరోపణపై, విడిగా సొమ్ము చెల్లించవలసి వచ్చింది. యూనియన్ వుంటే చాలు అన్నీ చక్కబడతాయనేవారికి ఇది ఒక జవాబు. యూనియన్లు తమవి కావని దూరంగా వుండే ముస్లిం కార్మికులకు కూడా ఇది జవాబే. తాము లేని సంఘం తమకోసం ఎందుకు పోరాడుతుంది?

‘ది జంగిల్’లో ఎవరూ అంతగా పట్టించుకోని ఒక చిన్న ఘట్టం వుంది. యుర్గిస్ తండ్రి, ముసలి అంటానస్, పనికోసం గేటు గేటూ తిరిగి అలసిపోతాడు. ఎవరూ పెట్టుకోరు. చివరకు ఒకడు వచ్చి, నీ కూలిలో మూడోవంతు నాకిస్తే పని ఇప్పిస్తానంటాడు. ముసలివాడు ఒప్పుకుంటాడు. ఉప్పునీటి గదిలో చెమ్మలో పనిచేసి, కాళ్ళు పుళ్ళుపడి, దగ్గుతో చనిపోతాడు. ఆ మూడోవంతు సొమ్మును కంపెనీ తీసుకోలేదు. అది లెక్కల్లో ఎక్కడా వుండదు. ఏ తనిఖీ అధికారీ దాన్ని పట్టుకోలేడు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెలనుండి గల్ఫ్ దేశాలకు పోయేవారు వీసాకోసం ఏజెంటు చేతిలో పోసే సొమ్ము ఆ మూడోవంతుకు దగ్గరి చుట్టం. అప్పుతెచ్చి కట్టిన ఆ సొమ్ము తీరేవరకు, మొదటి ఏడాదో రెండేండ్లో, అక్కడ సంపాదించిన దానిలో ఇంటికి చేరేది స్వల్పం. దళారీ శ్రమకు కూలి వుండవచ్చునని ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. పని ఇప్పించినందుకు పనివాని నోటిలోని ముద్దలో వాటా తీసుకోవడాన్ని ఏ పేరుతో పిలవాలో మాత్రం ఏజెంటునుగాక, ఆ సొమ్ము కట్టిన ఇంటిని అడగాలి.